కారణం ఒక్కటే అయితే బాగుండేది

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దవాళ్ళున్నారు, వెనక వరుసల్లో విద్యార్థులున్నారు, మధ్య వరుసలు ఖాళీగా ఉన్నాయి. ఈ సాయంత్రం మాట్లాడుకోబోయే డిప్రెషన్ అనే జబ్బు బాగా కనిపించే వయసు ఆ ఖాళీ కుర్చీలదే. నలభైల్లో ఉన్న ఆ మనుషులు ఇప్పుడు పిల్లల్ని ట్యూషన్‌కు దించుతూనో, అమ్మానాన్నల మందులు కొంటూనో ఉంటారు. ఇంటికి వెళ్ళాక విన్నది వాళ్ళకు కూడా చెప్పండి.

డిప్రెషన్‌తో ఎవరు నా గదిలోకి వచ్చినా, వెంట వచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే. "ఎందుకు వచ్చిందండీ ఇది? మేమేం తక్కువ చేశాం?" పైకి జబ్బు గురించి అడుగుతున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం నేర విచారణ నడుస్తూ ఉంటుంది. అత్తగారు కోడలి పుట్టింటివాళ్ళ వైపు చూస్తుంది. కోడలి తల్లి అల్లుడి వైపు చూస్తుంది. రోగి నేల చూపులు చూస్తుంటుంది. అప్పుడు నేను ఏదో ఒక కారణం పేరు చెప్పానంటే, ఆ రాత్రికి ఇంట్లో తీర్పు వెలువడిపోతుంది. అందుకని గదిలో తొందరపడి కారణాలు చెప్పను. కానీ ఇక్కడ ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు తీసుకురాలేదు కాబట్టి, ఈ సాయంత్రం కారణాల గురించే మాట్లాడతాను.

ముందు అసలు ఇదేమిటో చూద్దాం. దుఃఖం అందరికీ ఉంటుంది. భార్య పోయిన మనిషి ఏడుస్తాడు, మధ్యలో మనవడు వచ్చి ఒళ్ళో కూర్చుంటే కళ్ళు తుడుచుకుని నవ్వుతాడు కూడా. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మనవడు వచ్చాడని తెలుస్తుంది, ఇప్పుడు నవ్వాలని కూడా తెలుస్తుంది. నవ్వు మాత్రం రాదు. పసివాడిని చూసి కూడా నవ్వలేకపోయానే అని దాని మీద ఇంకో బాధ. వైద్యులు తొమ్మిది లక్షణాలు చూస్తారు. ఎడతెగని దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఈ రెండింటిలో ఒకటైనా ఉండి తీరాలి. మిగిలినవి నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత మారిపోవడం, మాటా నడకా మందగించడం లేదా కాలు నిలవకపోవడం, నేనెందుకూ పనికిరానన్న భావన, చావు ఆలోచనలు. మొత్తం మీద కనీసం ఐదు, రెండు వారాలకు తగ్గకుండా, దాదాపు రోజంతా ఉండి, పనిని దెబ్బతీస్తుంటే అది జబ్బే. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడ్డవారే.

అయితే మన దగ్గర ఇది దిగులు పేరుతో ఆసుపత్రికి రాదు, ఒంటి నొప్పుల పేరుతో వస్తుంది. గాజువాక వైపు నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. ఆనవాళ్ళు తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను. చేతిలో బట్టల షాపు కవరు, దాని నిండా రిపోర్టులు. మెడ ఎక్స్‌రే, కడుపు ఎండోస్కోపీ, తల స్కాను, రెండుసార్లు థైరాయిడ్ పరీక్ష. అన్నీ మామూలే. కవరు అడుగున ఎర్రదారం చుట్టిన తాయెత్తు ఒకటి. అదీ పనిచేయలేదని విప్పేశారు, అయినా ఎందుకైనా మంచిదని రిపోర్టుల మధ్యనే దాచారు. తలలో మంట, గుండె దడ, గ్యాసు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. "దిగులుగా ఉంటోందా అమ్మా?" అని అడిగాను. "నాకేం దిగులండీ, మా ఆయన బంగారం" అన్నారు. సరే, వంట ఎవరు చేస్తున్నారని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. కూరగాయల బుట్ట ముందేసుకుని, వంకాయ వండాలా బెండకాయ వండాలా అన్నది తేల్చుకోలేక గంటసేపు ఏడ్చానని, ఆ రోజు నుంచి ఆయనే కర్రీ పాయింట్ నుంచి కూరలు తెస్తున్నారని చెప్పారు. నాకు కావలసిన రిపోర్టు అది. అంతవరకు ఆ కవరులో అది లేదు.

అలాగని పరీక్షలు వద్దని కాదు. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా, బీ12 విటమిన్ తగ్గినా మనిషి అచ్చం ఇలాగే తయారవుతాడు. పక్షవాతం, గుండెపోటు, మధుమేహం ఉన్నవారిలో డిప్రెషన్ మిగతావారి కంటే ఎక్కువ. స్టెరాయిడ్ మందులతోనూ రావచ్చు. అందుకని ఒకసారి చూసుకోవాలి. అన్నీ బాగున్నాయని తేలాక, ఊరు మార్చి, ఆసుపత్రి మార్చి అవే పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయించుకోవడం మాత్రం వద్దు.

ఇక్కడ పక్కదారి పట్టి ఒక మాట చెప్పాలి. మనసు గురించి సభ అనగానే మనవాళ్ళు భగవద్గీత ఎత్తుతారు. మొదటి అధ్యాయమే విషాదయోగం కదా, అర్జునుడికి వచ్చింది డిప్రెషన్, కృష్ణుడు మొదటి కౌన్సిలర్ అంటారు. గీత మీద నాకు గౌరవమే కానీ ఈ పోలిక నాకు గిట్టదు. అర్జునుడు తాతను, గురువును ఎదురుగా చూసి కుంగిపోయాడు. అతని కారణం రథం ముందు నిలబడి ఉంది. మాటలు విన్నాడు, ఎదురు ప్రశ్నలు వేశాడు, 18 అధ్యాయాలయ్యాక లేచి గాండీవం పట్టాడు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదటి పది శ్లోకాలు కూడా వినగలిగే స్థితిలో ఉండరు. ఈ పోలిక వల్ల జరిగే నష్టమేమిటంటే, మంచి మాటలు చెబితే లేచి నిలబడతాడని ఇంట్లోవాళ్ళు ఆశపడతారు. లేవకపోతే "ఇంత చెప్పినా బుర్రకెక్కదేం" అని కోపం వస్తుంది. ఆ కోపం కూడా రోగి ఖాతాలోనే పడుతుంది.

సరే, కారణాలకు వద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఒకే వీధిలో ఒక చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది, పక్క చెట్టు కొమ్మలు పోగొట్టుకుని నిలబడింది. గాలి రెండింటికీ ఒకటే. పడిపోయిన చెట్టు మొదట్లో ఎప్పుడో సిమెంటు పోసి ఉంటారు, వేళ్ళు లోతుకు దిగి ఉండవు. ఇప్పుడు చెట్టు పడడానికి కారణం గాలా, సిమెంటా? డిప్రెషన్ గురించి మనం వాదించుకునేదంతా ఈ వాదనే. మామగారు గాలి అంటారు, డాక్టరు సిమెంటు అంటాడు, ఇద్దరూ సగం నిజమే చెబుతున్నారు.

ముందే ఉన్న బలహీనతలో వంశపారంపర్యం పాత్ర కొంత ఉంది. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ జబ్బు ముప్పులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 40 శాతం పుట్టుకతో వచ్చేదని అంచనా. కానీ డిప్రెషన్ జన్యువు అంటూ ఒకటి లేదు. 2019లో వెలువడ్డ ఒక పెద్ద అధ్యయనం మన జన్యువుల్లో వందకు పైగా చోట్ల చిన్న చిన్న తేడాలను పట్టుకుంది. విడిగా చూస్తే ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పం. కాబట్టి "వాళ్ళ వంశంలోనే ఉంది" అని పెళ్ళి సంబంధాలు తప్పించే పెద్దమనుషులకు శాస్త్రం సాయం రాదు. చిన్నతనంలో పడిన దెబ్బలు, లైంగిక వేధింపులు, తల్లిదండ్రుల్లో ఒకరు దూరం కావడం, ఇవీ పెద్దయ్యాక ముప్పును పెంచుతాయి. ఆడవాళ్ళలో మగవాళ్ళ కంటే దాదాపు రెట్టింపు. అందులో హార్మోన్ల వాటా ఎంతో, ఇంటి చాకిరీ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ప్రసవమైన కొత్తలో వచ్చే డిప్రెషన్‌ను మాత్రం మన ఇళ్ళలో అసలు పట్టించుకోరు. బాలింతకు పథ్యం పెట్టడం అందరికీ తెలుసు, ఆమె బిడ్డ వైపు చూడడం మానేసిందని గమనించేవాళ్ళు తక్కువ.

ఇక పైనుంచి వచ్చే దెబ్బ. 1970లలో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతంలో స్త్రీల జీవితాలను కూలంకషంగా అడిగి తెలుసుకున్నారు. డిప్రెషన్ వచ్చినవారిలో ఎక్కువమందికి అంతకు ముందు ఏదో పెద్ద నష్టమో, ఏళ్ళ తరబడి సాగుతున్న కష్టమో ఉంది. ఇది మనకూ తెలుసు. తెలియనిది రెండో సగం. అలాంటి నష్టాలే జరిగిన స్త్రీలలో ఎక్కువమందికి డిప్రెషన్ రాలేదు. మరి ఎవరికి వచ్చింది? మనసు విప్పి చెప్పుకోవడానికి దగ్గరి మనిషి లేనివారికి. ఇంట్లో ముగ్గురో అంతకంటే ఎక్కువమందో చిన్నపిల్లలున్నవారికి. బయట ఉద్యోగం లేనివారికి. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నవారికి. ఎక్కడో లండన్‌లో పనివాళ్ళ పేటలో తేలిన సంగతులివి. మధురవాడ అపార్టుమెంట్లలో, ఊరికి కొత్తగా కాపురానికి వచ్చి, భర్త షిఫ్టుకు వెళ్ళాక తలుపు గడియ వేసుకుని కూర్చునే అమ్మాయిల్ని చూసినప్పుడల్లా నాకు గుర్తొస్తుంటాయి.

మధ్యలో మెదడు రసాయనాల సంగతి కూడా చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఆ కథ మన సర్పగంధి వేరు దగ్గర మొదలవుతుంది. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేసి రక్తపోటుకు మందుగా వాడారు. వాడినవారిలో కొందరు కుంగిపోతున్నారని వైద్యులు గమనించారు. అదే రోజుల్లో న్యూయార్క్‌లో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే, వాళ్ళు మంచాల మీద నుంచి లేచి హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. రెసర్పిన్ మెదడులో సెరటోనిన్ వంటి రసాయనాలను తగ్గిస్తుంది, ఇప్రోనియాజిడ్ వాటిని విరిగిపోకుండా ఆపుతుంది. రెండూ కలిపి చూసినవాళ్ళు, ఆ రసాయనాలు తగ్గడమే డిప్రెషన్ అన్నారు. చెప్పడానికి తేలిక, వినడానికి తేలిక. మందుల ప్రచారానికి ఇంకా తేలిక. తరవాతి పరిశోధనలు దానికి తగినంత బలం ఇవ్వలేదు. 2022లో వచ్చిన ఒక సమీక్ష, సెరటోనిన్ తక్కువ కావడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. అది చదివి కొందరు మందులు విసిరేశారు. అదీ తప్పే. మందు ఎలా పనిచేస్తోందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తోందా అన్నది వేరే ప్రశ్న. మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్న జబ్బులో చాలామందికి మందులు పనిచేస్తాయి. పనిలో పనిగా, డిప్రెషన్ తేల్చడానికి సెరటోనిన్ రక్తపరీక్ష చేయించుకోమని ఎవరైనా అంటే డబ్బు దాచుకోండి.

ఇప్పటిదాకా చెప్పినవి జబ్బును తెచ్చిపెట్టేవి. నాకు అంతకంటే ముఖ్యమైనవి దాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచేవి. వీటి గురించి ఎవరూ అడగరు.

ఫిషింగ్ హార్బరులో మర బోటు నడిపే సరంగు ఒకాయన ఉన్నారు. ఇక్కడా ఆనవాళ్ళు మార్చాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కదా. ఆ ఏడాది నిషేధానికి కొద్ది రోజుల ముందు ఆయన తల్లి చనిపోయింది. రెండు నెలలు ఇంట్లోనే ఉన్నారు. నిషేధం ముగిసింది, బోట్లన్నీ హార్బరు దాటాయి, ఈయన గడప దాటలేదు. ఒళ్ళు బాగోలేదన్నారు. వేటకు వెళ్ళకపోతే డబ్బు రాదు. డబ్బు లేదు కాబట్టి తోటి కలాసీలకు ముఖం చూపించలేరు. ఇంట్లో ఉంటే పగలంతా పడుకోవడమే. పగలు పడుకుంటే రాత్రి నిద్ర రాదు. నిద్ర కోసం మద్యం తాగుతారు. తాగిన నిద్ర రెండింటికి తెగిపోతుంది, మర్నాడు దిగులు ఇంకా ఎక్కువ. భార్య తిడుతుంది. "చూశావా, నేను నిజంగానే పనికిరాను" అని మనసు సాక్ష్యం పలుకుతుంది. ఇంక మర్నాడు లేచేదెందుకు?

కారణం అడిగితే అందరూ తల్లి చావే అన్నారు. నిజమే. కానీ ఆ కారణాన్ని ఎవరం ఏం చేయగలం? ఆ తల్లిని తిరిగి తేలేం. పగటి నిద్రను, రాత్రి సీసాను, మనుషులకు దూరంగా ఉండడాన్ని మాత్రం కదిలించగలం. మందులు మొదలుపెట్టాం. వాటితో పాటు నేను అడిగింది ఒక్కటే. వేటకు వద్దు, తెల్లవారి హార్బరులో చేపల వేలం జరిగే చోటికి వెళ్ళి, అరగంట నిలబడి, టీ తాగి వచ్చేయండి. "ఓపిక వచ్చాక వెళ్తాను" అన్నారు. అందరూ అదే అంటారు. ఈ జబ్బులో ఓపిక వచ్చాక పని చేయడం కుదరదు, పని మొదలయ్యాకే ఓపిక వస్తుంది. మొదటి వారం రెండు రోజులు వెళ్ళారు. ఏమీ బాగాలేదన్నారు. బాగుండాలని నేను అనలేదు, వెళ్ళమన్నాను, అంతే. తరవాత ఒక రోజు ఎవరో పిలిచి వల బాగుచేయడానికి కూర్చోబెట్టారు. చేతులకు ఆ పని తెలుసు కదా, మనసుతో సంబంధం లేకుండా ముళ్ళు వేసుకుంటూ పోయాయట. చలికాలం నాటికి బోటెక్కారు. తాగుడు పూర్తిగా మానలేదు, దానితో ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నాం.

ఇది నేను కనిపెట్టిన వైద్యం కాదు. గోవాలో విక్రమ్ పటేల్ అనే మానసిక వైద్యుడి బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని పరీక్షించింది. వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు రోగితో కూర్చుని, ఆగిపోయిన పనుల్ని చిన్న చిన్నగా మళ్ళీ మొదలుపెట్టించారు. 2016 చివర్లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆ ఫలితాలు ప్రచురించింది. మూడు నెలలకు ఆ సాయం అందినవారిలో 64 శాతం మంది జబ్బు నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యమే అందినవారిలో 39 శాతం. మనకు మానసిక వైద్యులు తక్కువ అని వాపోయేటప్పుడు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

ఎక్కడికి వెళ్ళాలన్నది చాలామంది సందేహం. వాల్తేరులోని మానసిక వైద్యశాల 1871 నాటిది. ఉత్తరాంధ్రలో వెక్కిరింతకు ఆ పేరు వాడినంతగా వైద్యానికి వాడుకోలేదని నా కోపం. అక్కడ ఓపీకి వచ్చి మందులు తీసుకుని బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, తలుపులు వేసి తాళం పెడతారన్న భయం వదిలేయండి. ఇంటి నుంచే మాట్లాడాలంటే 14416 నంబరు ఉంది, టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంకో సంగతి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మనసు జబ్బులకూ ఒంటి జబ్బులతో సమానంగా బీమా కల్పించాలి. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకురాకుండా ఆగకండి.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

"మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? అలవాటైపోతాయా?" మద్యం అలవాటైనట్టు అవి కావు. పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఈలోగా వికారం, కంగారు ఉండొచ్చు. చాలామంది పదో రోజున ఆపేసి "పనిచేయలేదు" అంటారు. మొదటిసారి జబ్బు వచ్చినవారు తగ్గాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఒక్కసారిగా మానేస్తే తల తిరుగుడు, చిరాకు, నిద్ర చెడడం ఉంటాయి. 25 ఏళ్ళ లోపు పిల్లలకు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి.

"రోజూ బీచ్ రోడ్డులో నడుస్తాను, ధ్యానం చేస్తాను. చాలదా?" జబ్బు స్వల్పంగా ఉంటే చాలవచ్చు. వ్యాయామం పనిచేస్తుందనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. మంచం దిగలేని మనిషికి మాత్రం నడక సలహా ఇవ్వకండి, అతను నడవగలిగితే మీరు చెప్పేదాకా ఆగడు.

"మా నాన్నగారికి మతిమరుపు వస్తోంది, భోజనం తగ్గించారు, ఎప్పుడూ మౌనంగా ఉంటున్నారు. వయసు వల్లనేనా?" వయసు అని సరిపెట్టుకోకండి. పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్ళలో డిప్రెషన్ అచ్చం మతిమరుపులా కనిపిస్తుంది. అదైతే వైద్యంతో జ్ఞాపకం కూడా తేరుకుంటుంది. చూపించండి.

ఇది చివరిది. "మా అబ్బాయి ఇంటర్. నెల రోజులుగా గది తలుపు వేసుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే నాకేం పిచ్చా అంటున్నాడు." అమ్మా, ముందు చదువు మాట పక్కన పెట్టండి. అతని పక్కన కూర్చుని "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందన్నది అపోహ, అడిగినందువల్ల రాదు. అవునంటే కోప్పడకండి, ఏడవకండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న మందులు, పురుగుల మందు తాళం వేసి దాచండి, ఆ రోజే తీసుకురండి. అలాంటి ఆలోచన లేదని చెబితే కొంచెం ఊపిరి పీల్చుకోండి. అప్పటికీ రానంటే మొదటిసారి అతను రావక్కర్లేదు. మీరిద్దరూ రండి, లేదా 14416కి మీరే ఫోను చేయండి. అతను ఎప్పుడు నిద్రపోతున్నాడు, ఏం తింటున్నాడు, ఏ స్నేహితుడితో మాట్లాడడం మానేశాడు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి తెచ్చుకుంటే మాకు పని మొదలుపెట్టడానికి చాలు.